పట్టపగలు దివిటీ

మొన్న మా మనుమరాలు నన్ను సాగర్ రోడ్డు మీదికి తీసుకుపోయింది. ఇబ్రహీంపట్నం దాటాక ప్లాట్ల వెంచరొకటి కొత్తగా తెరుస్తున్నారట, వచ్చినవాళ్లకు భోజనాలు కూడా పెడుతున్నారట. పోయి చూద్దును కదా, కోట గుమ్మమంత కమాను. అటొక సిమెంటు ఏనుగు, ఇటొక సిమెంటు ఏనుగు. కమాను కింద రాజభటుల వేషాలు కట్టిన కుర్రాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. నెత్తిన అట్ట టోపీలు, నడుముకు ఎర్ర గుడ్డలు, చేతుల్లో వెలుగుతున్న దివిటీలు. నెత్తి మాడిపోయే ఎండ. ఆ ఎండలో మంట సరిగ్గా కనిపించడం కూడా లేదు, పొగ మాత్రం కనిపిస్తోంది.

“అమ్మమ్మా, జర గా పిలగాని పక్కన నిలవడు. ఫొటో తీస్త” అంది మనుమరాలు.

“నేను నిలవడ.”

“ఏమైంది? గంత కోపమెందుకు?”

“కోపం కాదు. పట్టపగలు దివిటీ చిన్నప్పుడు ఒకసారి చూసిన. సాలు.”

దానికి రాజుల కథలంటే పిచ్చి. టీవీలో కిరీటం కనిపిస్తే చాలు, కంచంలో అన్నం ఎండిపోతున్నా పట్టదు. ఆ రాజులు నీకేమైతరే, నీకేమన్న పెట్టిండ్రా అని నేను తిడుతుంటాను. “మస్తుగుంటది అమ్మమ్మా, చూడనియ్యి” అంటుంది. తిడతాను కానీ, తిట్టే ముఖం నాకు లేదు. దాని వయసులో రాజు కథ అంటే నేనూ పని వదిలేసి ఉరికేదాన్ని. మా ఇంట్లో రాజులను నమ్మినంతగా దేవుళ్లను కూడా నమ్మలేదు. అందుకే మా ఇల్లు మునిగింది.

మా ఊరు ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు దగ్గరలోనే ఉండేది. అప్పటికి సాగర్ లేదు, సాగర్ రోడ్డూ లేదు. నల్లగా పగిలిన రేగడి కొంత, ఎర్ర చెలకలు ఎక్కువ. చెలకల్లో ఆముదాలు, జొన్నలు. ఊరి మధ్యలో కోటలాంటి దొర ఇల్లు, గడి. ఊళ్లో ప్రతి ఇంటికీ గడిలో ఒక వెట్టి ఉండేది. ఒకరిది నీళ్లు మోయడం, ఒకరిది కట్టెలు కొట్టడం. మా ఇంటి వెట్టి దివిటీ. చీకటి పడ్డాక దొర కచ్చడం బండి ఎక్కి ఎటు బయలుదేరినా, ఎడ్ల ముందు దివిటీ పట్టుకుని మా తాత నడవాలి. తాత కుడి చేతి వెంట్రుకలు ఎప్పుడూ కాలిపోయి ఉండేవి. ఆయన పక్కన కూర్చుంటే చొక్కా లేని ఒంటి నుంచి ఆముదం మాడిన వాసన వచ్చేది. నాకు ఆ వాసన ఇష్టం.

ఆ తాతే కథలు చెప్పేవాడు. ఆముదం కాయలు ఎండబెట్టి కట్టెతో కొడుతుంటే, పిల్లలమంతా పొట్టు వేరుచేస్తూ చుట్టూ కూర్చునేవాళ్లం. ఊ కొడితేనే కథ ముందుకు నడిచేది. ఊ ఆగితే తాతా ఆగేవాడు. నేను నోటితో ఊ కొడుతూ, చేత్తో మా అమ్మ దాచిన మక్కపేలాలు పక్కపిల్లకు జారవిడిచేదాన్ని. ఒకసారి నమిలేటప్పుడు ఊ అనబోయి పొలమారింది. “రాజు యుద్ధంల ఉన్నడు, నువ్వు బుక్కుడు ఆపవా” అని తాత కట్టె చూపించాడు.

మా తాత ఏ రాజునూ చూడలేదు. పట్నంలో నవాబు ఉన్నాడని వినడమే. అందుకని ఆయన కథల్లో రాజు మా దొర కూర్చున్నట్టే కుర్చీలో కాలు మడిచి కూర్చునేవాడు, మా దొరలాగే హుక్కా తాగేవాడు. ఒక్క తేడా ఉండేది. రాజు అడిగేవాడు. ఏడుస్తూ ఎవరు ఎదురొచ్చినా “నీ బాధ ఏంది” అని అడిగేవాడు. మేం అంతవరకు అలా అడిగే పెద్దమనిషిని చూసి ఎరుగం. ఏనుగులూ, వజ్రాలూ కాదు, ఆ అడగడం కోసమే మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లమని ఇప్పుడు అనుకుంటాను.

ఇంకొకటి కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. మా తాతకు కథలు వచ్చునని దొరకు తెలుసు. మధ్యాహ్నం దొర తిని ఒరిగాక అప్పుడప్పుడు పిలిపించేవాడు. కథ అయ్యాక వంటింట్లో మిగిలిన సన్నబియ్యం బువ్వ, మీద నెయ్యి వేసి, మోదుగాకులో కట్టి ఇచ్చేవారు. మాకు తిండి అంటే జొన్న గట్క, చింత తొక్కు, వానకాలంలో చెరువు పరక చేపల పులుసు. కాబట్టి రాజు కథ అంటే మాకు నెయ్యి వాసన. బువ్వ అయిపోయాక ఆకు నాకడానికి కొట్లాడుకునేవాళ్లం. “రాజులు మీకు ఆకులు నాకవెడుతున్నరు, సంబురమే” అనేది మా అమ్మ. ఆమె నోరు అలాంటిది.

గడిలో కథకు ఒక పద్ధతి ఉండేది. దొర ఊ కొట్టడు. వెట్టివాడి కథకు దొర ఊ కొడితే చిన్నతనం కదా. అందుకని ఊ కొట్టడానికి జీతగాడు ఒకడు గోడ దగ్గర కూర్చునేవాడు. దొర వింటాడు, వాడు ఊ అంటాడు. ఆకుకట్ట మోసుకురావడానికి తాత వెంట పోయి, గడప బయట కూర్చుని నేను చాలాసార్లు ఇది చూశాను. దొరకు బాగా నచ్చిన కథ ఒకటుండేది. దాన్నే మళ్లీ మళ్లీ అడిగేవాడు.

ఒక రాజ్యంలో ఒక కుమ్మరి ముసలమ్మ. ఆమె ఒక్కగానొక్క కొడుకును మంత్రి అబద్ధాలు చెప్పి చెరసాలలో వేయించాడు. ముసలమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి ఆముదంలో గుడ్డలు తడిపి దివిటీ ముట్టించి, మిట్టమధ్యాహ్నం రాజు కోటకు బయలుదేరింది. ఊరంతా నవ్వింది. కోట దగ్గర భటులు ఆపారు. ఆమె ఆగలేదు. మేడ మీద నుంచి రాజు చూశాడు. “పట్టపగలు దివిటీ ఎందుకు ముసలమ్మా?” అన్నాడు. “నీ రాజ్యంల చీకటి పడ్డది రాజా. నా కొడుకు కనవడ్తలేడు. దేవులాడుకుంట వచ్చిన” అంది. ఆ మాటకు రాజు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చి, తన చేత్తోనే చెరసాల తాళం తీశాడు.

ఈ కథ విన్నప్పుడల్లా దొర కండువాతో కళ్లు తుడుచుకునేవాడు. నేను కళ్లారా చూశాను, దొంగ ఏడుపు కాదు. తుడుచుకున్నాక గొంతు సవరించుకుని, “మన చేన్లకు దూడను తోలిన ఆ పిలగానికి ఇంకో నాలుగు దెబ్బలు అంటియ్యుండ్రి” అనేవాడు. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత రజాకార్ల దినాలు వచ్చాయి. వాళ్ల భయం ఒక పక్క, ఎర్రజెండా సంగపోళ్ల రాకపోకలు ఇంకో పక్క. పాటలు పాడుతూ, వెట్టి చేయొద్దని చెబుతూ సంగపోళ్లు ఊరూరా తిరిగారు. ఒక రోజు దొర గడికి తాళం వేసి పట్నం పోయాడు. ఆ ఏడు తొలిసారి దివిటీ మా ఇంటి చూరులోనే ఉండిపోయింది. మా తాత తండ్రి నాటి చెలక ఒకటి దొర ఎప్పుడో కలుపుకుని ఉన్నాడు. మా బాపు ఎడ్లు కట్టి అందులో ఆముదాలు వేశాడు. బాపు తుపాకీ పట్టలేదు, ఎవరినీ కొట్టలేదు. తన చెలకను తాను దున్నుకున్నాడు. అంతే చేశాడు. మొలకలు లేచిన రోజు నన్ను భుజం మీద ఎక్కించుకుని చెలక చుట్టూ తిప్పాడు.

సీతాఫలాలు కళ్లు తెరిచే కాలంలో మిలట్రీ వచ్చింది. దాన్ని పోలీసు చర్య అంటారని పెద్దయ్యాక తెలిసింది. నవాబు దిగిపోయాడని, ఢిల్లీలో కొత్త రాజ్యమని ఊళ్లో చెప్పుకున్నారు. అందరికంటే మా తాత సంతోషపడ్డాడు. “ఇగ మంచి రాజు వచ్చిండు. మనది ఇనెటోడు” అన్నాడు. మిలట్రీవాళ్లు చెరువు కట్ట కింది మామిడి తోపులో డేరాలు వేశారు. కొన్నాళ్లకు వాళ్ల జీపులోనే మా దొర దిగాడు. పోయేటప్పుడు నెత్తిన నవాబు మనుషుల రూమీ టోపీ ఉంది, వచ్చేటప్పుడు కాంగ్రెసు తెల్ల టోపీ ఉంది. ఎవరు ఏ చెలక దున్నారో, ఎవరి ఇంట్లో సంగపోళ్లు అంబలి తాగారో ఆయన చూపిస్తూ పోయాడు, వాళ్లు ఎక్కించుకుంటూ పోయారు. మా బాపును ఎడ్లు విప్పుతుండగా పట్టుకుపోయారు. ఒక ఎద్దు కాడితోనే ఇంటికి వచ్చింది.

అమ్మ ఒక్క మాట అంది. “దొర కాళ్ల మీద పడుదాం మామా.”

“దొర ఎవరు?” అన్నాడు తాత. “రాజు వచ్చినంక దొరతోని పనేంది? ఆ ఆఫీసరుకు మన సంగతి తెల్వది. తెల్వకనే పట్టిండు. తెలిస్తే ఇడిచిపెడ్తడు.”

“ఎట్ల తెలుపుతవ్? నీకు వాళ్ల మాట రాదు.”

తాత లేచాడు. చూరులో నుంచి దివిటీ తీశాడు. పాత గుడ్డలు విప్పేసి కొత్త గుడ్డ చుట్టాడు. మా ఇంట్లో కొత్త గుడ్డ అంటే నాకు పండుగకు కుట్టించాల్సిన పరికిణీ బట్ట ఒక్కటే ఉంది, అదే చింపాడు. ఆముదం పోశాడు. అప్పుడు అమ్మకు అర్థమైంది.

“అది కథ మామా” అంది.

“రాజులకు ఎరుకైతది బిడ్డా. రాజులందరికీ ఎరుకే” అన్నాడు తాత. ఏళ్ల తరబడి ఎడ్ల ముందు నడిచిన మనిషి, ఆ రోజు తన పని మీద తాను దివిటీ పట్టుకుని నడిచాడు. నడుము కూడా నిటారుగా నిలిపాడు. బాపుకు గట్క, తొక్కు మూట కట్టుకుని అమ్మ వెనక, అమ్మ కొంగు పట్టుకుని నేను. ఊరివాళ్లు గుమ్మాల్లో నుంచి చూశారు. ఎవరూ నవ్వలేదు. వాళ్లకూ ఆ కథ తెలుసు. ఒక ముసలాయన అయితే చేతులు జోడించాడు.

తోపు దగ్గర సిపాయి ఏదో కేక వేశాడు. తాత ఆగలేదు. కథలో భటులు ఆపుతారు కదా, ముసలమ్మ ఆగదు కదా. తాత మొహంలో భయం లేకపోగా, అంతా సరిగ్గానే నడుస్తోందన్న తృప్తి ఉంది. సిపాయి మళ్లీ కేక వేశాడు. డేరాల పక్కన గడ్డివాము ఉంది. దివిటీ పట్టుకుని ఒక మనిషి గడ్డివాము దిక్కు వస్తున్నాడు, అంతే వాళ్లకు కనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సిపాయిని కూడా తిట్టలేను. తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు, తర్వాత చేతి మీద. దివిటీ ఎగిరి ఎండుగడ్డి మీద పడింది. నలుగురు ఉరికొచ్చి తొక్కి ఆర్పారు గానీ, ఒక పక్క నల్లగా కాలిపోయింది.

ఆఫీసరు డేరాలో నుంచి బయటికి వచ్చాడు. ఆయన వెనకే మా దొర వచ్చాడు. ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. కొట్టడం ఆపమన్నాడు. కింద పడ్డ తాతను చూసి, ఆరిపోయిన దివిటీని చూసి, దొరను ఏదో అడిగాడు. దొర తాత దిక్కు తిరిగి, కళ్లలోకి చూడకుండా, “పట్టపగలు దివిటీ ఎందుకని సాబు అడుగుతున్నడు” అన్నాడు.

నేను బతికున్నంత కాలం మా తాత ముఖం అప్పుడు వెలిగిన తీరు మరిచిపోను. నోట్లో నెత్తురు, రెండు పళ్లు మట్టిలో పడి ఉన్నాయి, ఆయన నవ్వాడు. రాజు అడిగాడు. కథలో మాట కథలో ఉన్నట్టే అడిగాడు. తాత మోకాళ్ల మీద లేచి, చేతులు జోడించి, పళ్లు ఊడిన నోటితో మొత్తం చెప్పాడు. “నీ రాజ్యంల చీకటి పడ్డది రాజా. నా కొడుకు కనవడ్తలేడు. దేవులాడుకుంట వచ్చిన.”

దొర విన్నాడు. ఆ మాటకు గడిలో ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నాడో ఆయనకే తెలియాలి. ఆ తోపులో అటు ఆఫీసరు మాట, ఇటు మా మాట రెండూ వచ్చినవాడు, పైగా ఆ కథ తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆఫీసరు దిక్కు తిరిగి ఉర్దూలో చెప్పాడు. మా అమ్మ పుట్టిల్లు సాయిబుల ఇండ్ల మధ్య ఉండేది, ఆమెకు ఆ మాట అర్థమయ్యేది. డేరాలకు అగ్గి పెట్టడానికి వచ్చానని ముసలోడే ఒప్పుకుంటున్నాడు, అని చెప్పాడు దొర.

“ఝూట్ హై సాబ్, అబద్ధం” అని అమ్మ అరిచింది. గట్క మూట చేతిలో నుంచి జారింది. ఆఫీసరు ఆమెను చూశాడు, కాలిన గడ్డిని చూశాడు. గడ్డి ముందు మా అమ్మ మాట ఏపాటిది. ఆయన లోపలికి పోయాడు. తాతను కూడా లోపల వేశారు. డేరాల వెనక నుంచి “నాయినా, ఎందుకొచ్చినవే” అని బాపు గొంతు వినిపించింది. మనిషి కనిపించలేదు.

కొన్నాళ్లకు తాతను వదిలారు. దివిటీ పట్టిన చేతి వేళ్లు మళ్లీ ముడవలేదు. బాపును లారీలో పట్నం జైలుకు పంపారు. మా చెలకలో ఆముదాలు గడి మనుషులు కోసుకున్నారు.

తర్వాత ఓట్లు వస్తాయన్నారు, దొర నిలబడతాడన్నారు. ఊరితో మంచిగా ఉండాలనుకున్నాడేమో, ఒక మధ్యాహ్నం మా తాతను పిలవనంపాడు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. “పోకు మామా. వాని మొహం చూడకు.”

“కొడుకు ఆయన చేతుల ఉన్నడు బిడ్డా. ఒక్క మాట అంటే ఇడుస్తరు. పోవాలె” అన్నాడు తాత. నేను ఎప్పటిలాగే వెంట పోయాను. సిగ్గు లేదు, నెయ్యి బువ్వ గుర్తొచ్చింది.

గడిలో అన్నీ అక్కడక్కడే ఉన్నాయి. దొర కుర్చీలో కాలు మడిచి కూర్చున్నాడు. గోడ దగ్గర జీతగాడు ఉన్నాడు.

“ముసలోడా, శాన దినాలాయె. ఆ కుమ్మరి ముసల్దాని కథ చెప్పు” అన్నాడు దొర.

ఆ నోటితో ఎలా అడిగాడో. మరిచిపోయాడనుకోను. కథ వేరు, తోపులో జరిగింది వేరు అనుకున్నాడు, అంతే. తాత మొదలుపెట్టాడు. ముందు పళ్లు లేక మాటలు జారుతున్నాయి. ముసలమ్మ, మంత్రి, చెరసాల. జీతగాడు ఊ అంటున్నాడు. ముసలమ్మ ఆముదం పోసింది, నడిచింది, భటులు ఆపారు. మేడ మీద నుంచి రాజు అడిగాడు, పట్టపగలు దివిటీ ఎందుకు ముసలమ్మా అని.

అక్కడ తాత ఆగాడు. అలవాటు కొద్దీ జీతగాడు ఊ అన్నాడు. దొర కండువా చేతిలోకి తీసుకుని, ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు.

“చెప్పవేందిరా?”

“తర్వాతది మీకెరుకే దొరా” అన్నాడు తాత. “ఆమె ఏమన్నదో రాజుకు మీరే చెప్పిండ్రు గద. ఇప్పుడు కూడ మీరే చెప్పుండ్రి.”

జీతగాడు తల దించుకున్నాడు. దొర కండువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. “ముసలోనికి మతి తప్పింది, తీస్కపోండ్రి” అన్నాడు. ఆ రోజు మాకు ఆకుకట్ట ఇవ్వలేదు. బయటికి వచ్చాక వేళ్లు ముడవని తాత చేయిని నేను పట్టుకున్నాను. ఆ ఒక్క మాట ఆయన మింగి ఉంటే బాపు ముందే వచ్చేవాడని ఊళ్లో చాలామంది అన్నారు. మా అమ్మ మాత్రం ఏనాడూ అనలేదు.

బాపు వచ్చాడు, నేను పెద్దమనిషినయ్యాక. జైలు నుంచి దగ్గు తెచ్చుకున్నాడు, ఆ దగ్గే తీసుకుపోయింది. దొర గెలిచాడు, ఆయన తర్వాత ఆయన కొడుకు గెలిచాడు. తాత మళ్లీ రాజు కథ చెప్పలేదు. ఆముదాలు కొట్టేటప్పుడు అడిగితే, “రాజు సంగతి నాకు తెల్వది బిడ్డా. పక్కన నిలవడ్డోడే మాట్లాడుతడు” అనేవాడు. కాయలు పగిలే చప్పుడు తప్ప మా ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండేది కాదు.

రాజుల కథలు ధర్మం నేర్పుతాయని, న్యాయం నేర్పుతాయని పెద్దపెద్దవాళ్లు టీవీలో చెబుతుంటారు. ఏం నేర్పుతాయో నేను చెబుతాను. పైవాడు మంచివాడే, వాడి చెవిన పడితే చాలునని నేర్పుతాయి. ఆ ఒక్క ఆశతో మనిషి ఎంతకాలమైనా ఓర్చుకుంటాడు. మా దొర ఊరికే నెయ్యి బువ్వ పెట్టించలేదు. అయినా నాకు ఆ కథ మీద కోపం రాదు, అదే నా బాధ. ఆ మేడ మెట్లు దిగి రాజు చెప్పుల్లేకుండా వస్తుంటే ఇప్పటికీ నా గుండె కొట్టుకుంటుంది. ఎవరన్నా దిగి వస్తే బాగుండునని ముసలితనంలో కూడా అనుకుంటాను.

వెంచరు దగ్గర మనుమరాలు భోజనాల దిక్కు పోయింది. ఆ కమాను ఎవరి భూమిలో ఉందో దానికి తెలియదు. ఎర్ర మట్టి మీద రాళ్లు పాతి నెంబర్లు వేశారు గానీ, చెరువు కట్ట ఎటుందో చూసుకుంటే నాకు మా చెలక హద్దు తెలుస్తుంది. కమాను కింద చివర నిలబడ్డ కుర్రాడు చెమటతో తడిసిపోయాడు. దివిటీ పట్టిన చేయి మార్చుకోబోతే సూటు వేసుకున్నవాడొకడు కసిరాడు. ఆ చేతి మీద వెంట్రుకలు కాలిపోయి ఉన్నాయి.

దగ్గరికి పోయాను. “పట్టపగలు దివిటీ ఎందుకు బిడ్డా?” అని అడిగాను.

కుర్రాడు సూటువాడి దిక్కు ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు. “ఏమో అవ్వా. పట్టుకొమ్మన్నరు, పట్టుకున్న.”